ప్రెసిడెంటు గారి నీటికాయ వైద్యం

కంటి ఆస్పత్రిలో ఉద్యోగం అంటే చూపు లేనివాళ్లతో పని అనుకుని చేరాను. నా సర్వీసులో ఎక్కువ భాగం చూపు శుభ్రంగా ఉన్నవాళ్లతోనే సరిపోయింది. శుక్లం తియ్యడానికి డాక్టరుకి పట్టే సేపు చాలా తక్కువ. ఆ శుక్లం ఉన్న మనిషిని ఇంటి గడప దాటించడానికి మాత్రం ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. గడపకి అడ్డంగా నిలబడేవాళ్లందరికీ కళ్లు బాగానే కనిపిస్తుంటాయి మరి.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. "పెద్దమ్మగారూ, మీ అనుభవం ఏదైనా చెప్పండి" అంటారు. యంత్రాల సంగతి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. అందుకని మనుషుల సంగతి ఒకటి చెబుతాను. ఇందులో ఎవరి పేరూ రాయను. ఉన్నవాళ్లు నొచ్చుకుంటారు, లేనివాళ్లు వచ్చి సంజాయిషీ చెప్పుకోలేరు.

నేను బడికి వెళ్లలేదు. మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు, పద్యాలు వల్లె వేయించారు. లెక్కలు ఆయనకీ రావు గనక వాటి జోలికి పోలేదు. తర్వాత ప్రైవేటుగా పదో తరగతికి కట్టి, స్వామి దయవల్ల గట్టెక్కాను. అమలాపురంలో ఒక కంటి ఆస్పత్రివాళ్లు పల్లెల్లో తిరిగి మాట్లాడే మనిషి కావాలంటే వెళ్లాను. "ఏం చదివావమ్మా?" అని అడిగారు. "పద్యాలండి" అన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, నన్ను తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో ఇప్పటికీ తెలియదు. రోజూ దీపం పెట్టినప్పుడు వాళ్ల తరఫున కూడా ఒక నమస్కారం వేస్తాను.

నా పని చెప్పుకోవడానికి చిన్నదే. వ్యానులో ఊళ్లకి వెళ్లి కంటి పరీక్షల క్యాంపు పెట్టినప్పుడు వచ్చినవాళ్ల కళ్లలో చుక్కలు వెయ్యాలి. డాక్టరు చెప్పినదాన్ని వాళ్లకి అర్థమయ్యే మాటల్లో మళ్లీ చెప్పాలి. ఆపరేషనుకి ఒప్పుకున్నవాళ్లని వ్యాను ఎక్కించాలి. ఎక్కినవాళ్లు మళ్లీ దిగిపోకుండా చూసుకోవాలి. ఈ ఆఖరిది ఏ ట్రైనింగులోనూ నేర్పరు.

మా కోనసీమలో దేనికైనా కొబ్బరికాయే కొలత. పసిపిల్ల బుగ్గలు లేత కొబ్బరి అంటాం. కబుర్లే తప్ప పనిచెయ్యని వాణ్ణి లోపల కాయ లేని ఒట్టి డొక్క అంటాం. శుక్లం గురించి కూడా "ముదిరిందా, పండిందా" అని అడగడమే ఇక్కడి అలవాటు. ఈ మాట విని పల్లెటూరి తెలివితక్కువతనం అని నవ్వకండి. ఒకప్పుడు డాక్టర్లే ఆ మాట చెప్పేవారు. పాత పద్ధతిలో శుక్లం బాగా ముదిరితేగాని తీసేవారు కాదు, "పండాక రండి" అని తిప్పి పంపేసేవారు. తర్వాత పద్ధతి మారింది. మారిన సంగతి ఊళ్లకి చెప్పడం మరిచిపోయి, వాళ్లింకా పాతమాటే పట్టుకు వేలాడుతున్నారని ఆస్పత్రిలో ఫ్యాను కింద కూర్చుని నవ్వుకునేవాళ్లు ఉండేవారు.

మలికిపురం దగ్గర ఒక ఊళ్లో ఒక పెద్దమనిషి ఉండేవారు. ఎప్పుడో ఒకసారి పంచాయతీ ప్రెసిడెంటుగా చేశారు. పదవి వెళ్లిపోయింది గాని పిలుపు ఉండిపోయింది. పెద్ద తోట ఉన్న రైతు. కాయని చేతిలోకి తీసుకుని చెవి దగ్గర రెండుసార్లు ఆడించి, లోపల నీళ్లెంత, కొబ్బరెంత చెప్పేసేవారు. పగలగొట్టి చూస్తే అలాగే ఉండేది. ఆ విద్యలో ఆయన నిజంగా ఘనుడు, నేనేమీ తగ్గించి చెప్పడం లేదు. చిక్కల్లా ఎక్కడంటే, కొబ్బరికాయల కోసం భగవంతుడిచ్చిన తెలివి తక్కిన సృష్టికంతటికీ సరిపోతుందని ఆయన నమ్మకం. ఊళ్లో గేదె ఈనాలన్నా, పిల్లకి సంబంధం చూడాలన్నా ఆయన చెవి దగ్గర పెట్టి ఆడించాల్సిందే.

ఆ ఊళ్లో క్యాంపు ఆయన కొబ్బరికాయల కొట్టు వరండాలోనే పెట్టాం. బల్లలు, కుర్చీలు, మైకు, వచ్చినవాళ్లకి మజ్జిగ అన్నీ ఆయనే ఏర్పాటు చేశారు. ఆ మేలు మరిచిపోతే నాకు పుట్టగతులుండవు. మజ్జిగ చాలా బాగుంది కూడా.

మా డాక్టరు బాబు అప్పుడే కొత్తగా చేరారు. పెద్ద ఊళ్లో పుట్టి పెరిగిన కుర్రాడు. కొబ్బరిని చట్నీగా తప్ప ఎరగరు. చెయ్యి మహా మెత్తన, మనసు అంతకంటే మెత్తన, మాట మాత్రం పుస్తకం. మైకు తీసుకుని మొదలుపెట్టారు.

"మన కంట్లో ఒక కటకం ఉంటుంది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు నీరే. మిగిలినది ప్రోటీను. ఆ ప్రోటీను పద్ధతిగా సర్దుకుని ఉన్నంతకాలం కటకం అద్దంలా ఉంటుంది. వయసు మీదపడ్డాక ఆ సర్దుబాటు చెడి, ముద్దలు కట్టి, మసకబారుతుంది. అదే శుక్లం."

ప్రెసిడెంటు గారు ముందు వరసలోంచి చెయ్యెత్తారు.

"డాక్టరు గారూ, చిన్న మాటండి. కంటి కాయలో నీళ్లున్నాయన్నారు కదండీ?"

"కాయ కాదండి, కటకం."

"అదేనండి, కాయే. నీళ్లు రెండు వంతులు, గుజ్జు ఒక వంతు. అంతే కదండీ?"

"ఉజ్జాయింపుగా అంతేనండి."

"మరి ఇది బోండం లెక్కే కదండీ."

జనం మురిసిపోయి తలలూపారు. డాక్టరు బాబుకి కూడా, ఇంతసేపటికి ఒకరికైనా అర్థమైందని సంతోషం వేసింది కాబోలు. "ఒక రకంగా అలాగే అనుకోవచ్చు" అన్నారు. ఆ మాటలో "ఒక రకంగా" అన్నది ఎవరికీ వినపడలేదు.

ప్రెసిడెంటు గారు లోపలికి వెళ్లి మూడు కాయలు పట్టుకొచ్చారు. మైకు ఆయన చేతికి ఎలా వెళ్లిందో నేను చూడలేదు.

"ఇది లేత బోండం. అంతా నీళ్లే. ఇది నీటికాయ. కొబ్బరి పట్టింది గానీ లోపల నీళ్లు గలగలమంటున్నాయి, వింటున్నారా? దీన్ని అటకమీద పడేసి ఓపిక పట్టేమనుకోండి, నీళ్లన్నీ ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి, గుండులాగ లోపల ఆడుద్ది. ఇదిగో, ఇది. కురిడీ. నీటికాయని కొడితే కొబ్బరి చిప్పకి అంటుకుని, గీరి గీరి తియ్యాలి. కురిడీని కొడితే చెయ్యి పెట్టకుండా ఊడొస్తుంది. కంటి కాయైనా అంతేనండి. నీళ్లింకకుండా కోసేస్తే సగం లోపలే ఉండిపోద్ది."

"ఎంత బాగా చెప్పేరండి" అన్నారెవరో వెనకనుంచి.

"కంట్లో అలా జరగదండి, ముదిరేకొద్దీ..." అని డాక్టరు బాబు ఏదో చెప్పబోయారు గాని, మైకు లేని మాట మొదటి వరస దాటలేదు.

ఆ రోజు పరీక్ష చేయించుకున్నవాళ్లలో ప్రెసిడెంటు గారి భార్య కూడా ఉన్నారు. కుడికన్ను శుక్లం బాగా ముదిరిపోయింది, ఎడమది మొదలైంది. కుడిది వెంటనే తియ్యాలన్నారు డాక్టరు. ఆవిడ అప్పటికే రెండు చీరలు సంచిలో సర్దుకుని, అందరికంటే ముందు వ్యాను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. ప్రెసిడెంటు గారు వ్యాను దగ్గరికి వచ్చారు.

"దిగు" అన్నారు.

"ఎందుకండీ?"

"నీది ఇంకా నీటికాయే. కురిడీ అవనీ, నేనే తీసుకెళ్తాను."

ఆవిడ సంచి పట్టుకుని దిగారు. నా నోరు ఊరుకోలేదు. ఆయన రెండు కళ్లకీ అంతకుముందే కాకినాడలో ఆపరేషను అయిందని ఊరంతా తెలుసు.

"ప్రెసిడెంటు గారూ, మీరు చేయించుకున్నారు కదండీ?"

"ఆయ్. చేయించుకున్నానండి."

"అవి కురిడీ అయ్యేకే చేయించేరా అండి?"

ఆయనకి కోపం రాలేదు. ఎంతో ఓపిగ్గా చెప్పారు. "మగాడికి దింపు పనులుంటాయి కదమ్మా. చెట్టెక్కి కాయలు దించేవాళ్ల మీద ఒక కన్నేసి ఉంచాలా. అన్నాళ్లు ఆగితే తోటేమైపోద్ది? ఆవిడకేవుంది, ఇంట్లోనే కదా."

ఆవిడ దిగడం చూసి మరికొందరు దిగారు. వాళ్లని చూసి ఇంకొందరు. మా వ్యాను డ్రైవరు అభిప్రాయాలన్నీ హారనుతోనే చెప్పే మనిషి. ఆ రోజు ఊరి పొలిమేర దాటేదాకా హారను మోగిస్తూనే ఉన్నాడు. దాటాక, "ఇవాళ డీజిలు మన షికారుకేనండి" అన్నాడు.

మా దగ్గర ఒక గొప్ప సంస్కారం ఉంది. ఎవరి మాటనీ ఎవరూ మొహం మీద కాదనరు. "ఆయ్" అంటారు, కాఫీ ఇస్తారు, వీధి చివరిదాకా వచ్చి సాగనంపుతారు, తర్వాత తమకి తోచిందే చేస్తారు. ఆ తర్వాత నేను ఆ ఇంటికి చాలాసార్లు వెళ్లాను. అంత రుచైన కాఫీ నా సర్వీసులో ఇంకెక్కడా తాగలేదు. అంత పనికిరాని ప్రయాణాలూ ఇంకెక్కడికీ చెయ్యలేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు ఆవిడ పెరట్లో ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నారు. చుట్టూ చాపల మీద కొబ్బరి చిప్పలు ఆరబోసి ఉన్నాయి.

"ఇదేంటి పిన్నిగారూ, ఎండలో?"

"నన్ను కూడా ఎండబెడుతున్నారమ్మా" అన్నారు ఆవిడ. నవ్వలేదు.

వైద్యం చాలా పకడ్బందీగా ఉంది. మంచినీళ్లు గ్లాసుతో కొలిచి ఇవ్వడం. మజ్జిగ బంద్. చారు పలచన అని బంద్. పుచ్చకాయ పేరెత్తడానికి వీల్లేదు. టీవీ సీరియళ్లు కూడా బంద్. ఏడుపొస్తే కంట్లో నీళ్లూరతాయి, ఊరితే ఇన్నాళ్లు ఇంకించినదంతా వృథా అయిపోతుందట.

"నాకు ఆ సీరియళ్లు చూస్తే నవ్వొస్తుందమ్మా" అన్నారు ఆవిడ. "ఏడవడానికి వేరే ఉన్నాయి."

ప్రెసిడెంటు గారికి నేను చెప్పగలిగినంతా చెప్పాను. డాక్టరు బాబు చెప్పమన్న మాటలే అవి. తాగే నీళ్లకీ, కారే కన్నీళ్లకీ, లోపలి కటకంలో ఉన్న నీటికీ సంబంధం లేదండి అన్నాను. కొబ్బరికాయ ముదిరేకొద్దీ నీళ్లు తగ్గుతాయి, పిన్నిగారికి వచ్చినటువంటి తెల్ల శుక్లం ముదిరేకొద్దీ నీళ్లు చేరతాయండి, అది పూర్తిగా తలకిందుల లెక్క అన్నాను. అలా ఉబ్బితే కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోతుంది, అది చచ్చాక ఏ ఆపరేషనుకీ చూపు రాదండి అన్నాను. ఆయన అంతా విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"మీరు చెప్పింది బాగానే ఉందండి" అన్నారు చివరికి. "కానీ మీరు ఆస్పత్రివాళ్లు. మీ కేసులు మీకు కావాలి కదండీ. తప్పులేదు. కాఫీ తాగండి."

ఆయన కీర్తి ఊరు దాటింది. అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్ల కళ్లలో టార్చిలైటు వేసి, "ఇది లేత", "ఇది నీటికాయ", "ఇంకో ఏడాదికి కురిడీ" అని చెప్పేవారు. ఉప్పలగుప్తం నుంచి కూడా ఎవరో వచ్చారని విన్నాను. పాపం ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవారు కాదు. అదే పెద్ద చిక్కు. ఉత్త పుణ్యానికి చెప్పే మాట మీద జనానికి ఎంత గురి ఉంటుందో మీకు తెలియంది కాదు. మా క్యాంపులకి మనుషులు పలచబడ్డారు. ఆస్పత్రిలో పెద్దలు మీటింగు పెట్టి, బాగా ఆలోచించి, బ్యానరు ఇంకా పెద్దది చేయించారు.

ఒకసారి వంటింట్లో ఆవిడ ఒక్కరే ఉన్నప్పుడు, "పిన్నిగారూ, నాతో వచ్చెయ్యండి, నేను చూసుకుంటాను" అన్నాను. ఆవిడ చేత్తో తడుముతూ బియ్యంలో రాళ్లేరుతున్నారు.

"ఆయన్ని కాదని వస్తే ఊళ్లో ఆయన మాట పోతుందమ్మా. మాట పోతే ఆయన బతకరు."

"చూపు పోతే మీరు బతుకుతారా అండి?"

"బతుకుతామమ్మా. ఆడాళ్లం ఎలాగైనా బతుకుతామని అందరికీ తెలుసు. దానితోనే వచ్చింది చిక్కంతా." గొంతు తగ్గించి అన్నారు. "కుడిది సంగతి వదిలేసుకున్నాను. ఈ ఎడమది మిగిల్తే చాలు. నా పొయ్యి దగ్గర నేను నిలబడతాను. ఇదీ పోయిందనుకో, ఎవరో కలిపి చేతిలో పెట్టిన ముద్ద తింటూ, బాగుందని చెప్పాలి. అది నావల్ల కాదు."

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. సూర్యనారాయణమూర్తికి పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటూ ఆవిడ ఎడమకన్ను ఆయనకి అప్పజెప్పేదాన్ని. కుడికన్ను కూడా అడగాల్సింది. ఆవిడ అడగనిది నేనెలా అడగను అనుకున్నాను.

వానలు పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం రాజోలు ఆటో ఒకటి ఆస్పత్రి ముందు ఆగింది. ఆవిడ తలకి గుడ్డ కట్టుకుని, ఒక చేత్తో కుడికన్ను మూసుకుని, ఇంకో చేత్తో ఆటో కమ్మీ పట్టుకుని ఉన్నారు. అంతకు ముందురోజునుంచే తల పగిలిపోయే నొప్పి, వాంతులు. ప్రెసిడెంటు గారు పైత్యం అని తేల్చి అల్లం రసం పట్టించారట. ఊళ్లో మందులిచ్చే ఆయన గ్యాసు అని ఇంజక్షను పొడిచాడట. కన్ను ఎర్రబడి, నల్లగుడ్డు మధ్యలో తెల్లగా కనబడ్డాకగాని ఎవరికీ కన్ను గుర్తుకు రాలేదు.

నేను ఆటో దగ్గరికి పరిగెత్తాను. ప్రెసిడెంటు గారు అటువైపునుంచి దిగారు. ఆయన మొహం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. దిగులు లేదు. అనుకున్నది అనుకున్నట్టు జరిగిన మనిషి మొహం అది.

"పండిందండి" అన్నారు. "చూడండి, కొబ్బరిముక్కలా ఎంత తెల్లగా వచ్చిందో. ఇంక నిక్షేపంలా తీసెయ్యచ్చు."

డాక్టరు బాబు ఆవిణ్ణి కూర్చోబెట్టి పరీక్ష చేశారు. కంట్లో ఒత్తిడి చూశారు. కటకం నీళ్లు పట్టి ఉబ్బి, ముందుకి తోసుకొచ్చి, లోపలి నీరు బయటికి పోయే దారిని మూసేసింది. ఎడమకన్ను మూయించి, కుడికంటి ఎదురుగా లైటు పెట్టి అడిగారు.

"వెలుతురు కనిపిస్తోందా అమ్మా?"

"ఎక్కడండీ?" అన్నారు ఆవిడ.

డాక్టరు బాబు లైటు ఇటు తిప్పారు, అటు తిప్పారు. ఆవిడ ప్రతిసారీ ఎంతో మర్యాదగా, తప్పు తనదే అన్నట్టు, "ఎక్కడండీ బాబూ?" అని అడుగుతున్నారు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

డాక్టరు బాబు ప్రెసిడెంటు గారిని బయటికి పిలిచి చెప్పారు. ముందు మందులతో ఒత్తిడి తగ్గించి తర్వాత ఆపరేషను చేస్తామన్నారు. నొప్పి పోతుంది, చూపు రాదు, నరం చచ్చిపోయింది అన్నారు. ప్రెసిడెంటు గారు తల పంకిస్తూ విన్నారు. ఆయనకి అర్థమైందనే అనుకున్నాను.

"అంటే ఒక రెండ్రోజులు ముందు దించాల్సిందన్నమాట" అన్నారు ఆయన.

డాక్టరు బాబు ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. అప్పుడు కూడా పెంచలేదు. "అది కన్నండి" అన్నారు. అని లోపలికి వెళ్లిపోయారు.

కుడికంటికి ఆపరేషను అయింది. నొప్పి తగ్గి, ఆవిడ చాలా రోజుల తర్వాత కడుపునిండా మంచినీళ్లు తాగారు. గ్లాసు మీద గ్లాసు ఇచ్చాను నేను. అలా తాగుతుంటే చూడటం కూడా ఒక పుణ్యమే అనిపించింది. ఎడమకన్ను కూడా ఆలస్యం చెయ్యద్దని డాక్టరు బాబు చెప్పారు. ఆవిణ్ణి ఇంటికి పంపే రోజు ప్రెసిడెంటు గారు వచ్చి మంచం పక్కన నిలబడ్డారు.

"రెండోది నేను దగ్గరుండి కనిపెట్టుకుంటానండి" అన్నారు నాతో. "రోజూ టార్చిలైటు వేసి చూస్తాను. ఈసారి లెక్క తప్పదు."

నోరు తెరవబోయాను. నాకంటే ముందు మంచం మీదనుంచి మాట వచ్చింది.

"ఏమండీ."

"ఊఁ."

"మీరు వెళ్లండి. నేను రెండోది కూడా చేయించుకునే వస్తాను."

"అదేంటి? ఇంటి దగ్గరెవరున్నారు?"

"మీరున్నారు కదండీ."

"మరి వంట?"

"బియ్యం డబ్బాలో ఉన్నాయి. కుక్కరు గూట్లో ఉంది."

ప్రెసిడెంటు గారు గొంతు తగ్గించారు. వార్డంతా కళ్లకి కట్లున్నవాళ్లే, అందరూ చెవులొగ్గి వింటున్నారు. "నలుగురూ ఏమనుకుంటారే?"

"ఎంత అనుకున్నా నాకు సగమే కనబడుతుంది లెండి" అన్నారు ఆవిడ. అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

పెళ్లయిన నాటినుంచీ ఆయన మాట దాటని మనిషి. ఆ దాటడం కూడా మంచం దిగకుండా, గొంతు పెంచకుండా దాటారు. ప్రెసిడెంటు గారు కాసేపు నన్ను చూశారు, కాసేపు కిటికీలోంచి చూశారు, తర్వాత గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. డాక్టరు బాబు ఆస్పత్రి నియమాల్ని కాస్త వంచి, రెండో ఆపరేషను దాకా ఆవిణ్ణి వార్డులోనే ఉండనిచ్చారు. ఆయన్ని కన్న తల్లి కడుపు చల్లగా ఉండాలి.

ఆ మర్నాటినుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఆవిడకి ఫోను లేదు గనక నా ఫోనుకే చేసేవారు.

"పోపులడబ్బా ఎక్కడుందో అడగండి."

"మీ ఎదురుగానే ఉందని చెప్పమ్మా."

"ఎదురుగా చాలా డబ్బాలున్నాయట పిన్నిగారూ."

"ఆడించి చూడమను. గలగలమన్నవి ఆవాలు. చప్పుడు లేనిది ఇంగువ."

వార్డులో నవ్వులు. కట్లు కట్టుకుని కదలకుండా పడుకోవాల్సిన ముసలివాళ్లు ఆయన ఫోను కోసం పొద్దున్నుంచి కాచుకుని ఉండేవారు. ఒకరోజు ఉప్పు, ఒకరోజు అగ్గిపెట్టె, ఒకరోజు ఆయన పంచె. కాకినాడలో శ్రేష్ఠంగా చేయించుకున్న రెండు కళ్లు ఆయనకి. ఆ ఇంట్లో ఒక్క వస్తువూ ఆనలేదు. ఇక్కడ ఒకటిన్నర కన్ను పోయిన మనిషి, అన్ని మైళ్ల దూరంనుంచి, ఏ గూట్లో ఏముందో చెబుతోంది.

ఎడమకంటి ఆపరేషను రోజు నేను పొద్దున్న పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మనం చేసేది ఏమీ లేనప్పుడు ఉపవాసం ఒక్కటే మిగులుతుంది కదా. మర్నాడు కట్టు విప్పారు. ఆవిడ రెప్పలు నెమ్మదిగా తెరిచి, ముందు తన చేతులు చూసుకున్నారు. గాజులు తిప్పి చూసుకున్నారు. తర్వాత ఎదురుగా ఉన్న డాక్టరుని చూశారు.

"ఇంత కుర్రాడివా బాబూ నువ్వు? ముందే కనిపించి ఉంటే బల్ల ఎక్కేదాన్ని కాను" అన్నారు.

ఆ బాబు నవ్వబోయి కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఆయన కంటిని దేనితోనూ పోల్చి చెప్పగా నేను వినలేదు. "కెమెరాలాంటిదా అండి?" అని ఎవరైనా అడిగితే, "కన్ను కన్నులాంటిదండి" అనేవారు.

కొన్ని నెలలు గడిచాక ప్రెసిడెంటు గారి దగ్గరనుంచే ఆస్పత్రికి కబురు వచ్చింది, మళ్లీ క్యాంపు పెట్టమని. మేం ఆశ్చర్యపోతూ వెళ్లాం. అదే కొట్టు వరండా, అవే కుర్చీలు, అదే మజ్జిగ. జనం మాత్రం మునుపటికంటే ఎక్కువే. ఆయన్ని నమ్ముకుని ఇన్నాళ్లూ అరుగుల మీద ఇంకుతూ కూర్చున్నవాళ్లంతా వచ్చారు. ఆయన రమ్మన్నారు గనక వచ్చారు. బల్ల ఎక్కుతారా లేదా అన్నది కూడా ఆయన మాట మీదే ఉంది. మైకు మా డాక్టరు బాబు చేతికి రానే లేదు.

"నేనూ డాక్టరు గారూ బాగా సంప్రదించుకున్నామండి" అని మొదలుపెట్టారు ప్రెసిడెంటు గారు. డాక్టరు బాబు నావైపు చూశారు. నేను వ్యానువైపు చూశాను. "కంటికి టైము ముఖ్యమండి. తొందరా కూడదు, ఆలస్యమూ కూడదు. అదును తెలియాలి. మా ఆవిడకి నేను దగ్గరుండి, అదునులో చేయించేను. ఎంత చక్కగా చూస్తోందో మీరే చూడండి. ఏమే, ఒకసారి లే."

ముందు వరసలో కూర్చున్న ఆవిడ లేచి జనంవైపు తిరిగారు. ఆవిడ ఎడమ అరచేత్తో ఎడమకన్ను మూసుకున్నారు. కుడికన్ను తెరిచే ఉంది.

"ఇప్పుడు మీరెవరూ నాకు లేరండి" అన్నారు. మైకు లేకపోయినా చివరి వరసదాకా వినబడింది. "పగలో రాత్రో కూడా తెలీదు. ఇది ఆగిన కన్ను."

చెయ్యి తీశారు. ఒక్కొక్కళ్లనీ చూస్తూ వెళ్లారు. ఎవరెవరు వచ్చారో, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూశారు. చివరికి మొగుడి మొహం కూడా చూశారు, మెల్లిగా, దాపరికం లేకుండా.

"ఇది ఆగని కన్ను" అన్నారు. అని కూర్చున్నారు.

వెనక వరసలో ఒక ముసలావిడ లేచి, పక్కావిడ భుజం పట్టుకుని పరీక్ష బల్లవైపు నడిచింది. ఆవిడ వెనక ఇంకొకరు లేచారు. తర్వాత కుర్చీల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ప్రెసిడెంటు గారు మైకు నోటి దగ్గర పెట్టుకున్నారు. ఏదో చెప్పబోయి, భార్యవైపు చూసి, ఆగారు.

"వరసలో రండమ్మా, తోసుకోకండి" అన్నారు చివరికి.

అందరూ "ఆయ్" అన్నారు. ఈసారి అలాగే చేశారు కూడా. ఆయన అన్నాళ్లు చేసిన కంటి వైద్యంలో పనిచేసిన మందు అదొక్కటే. అందుకు నేను ఆయనకి మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టి, చుక్కల సీసా మూత తీశాను.